తగలని దెబ్బ

నా కత్తి బరువు కిలో నాలుగువందల ఎనభై గ్రాములు. చేత్తో పట్టి చూడనివాళ్ళంతా అది పది కిలోలైనా ఉంటుందనుకుంటారు. "ఇంత బక్కపిల్లవి, దాన్నెలా తిప్పుతావమ్మా?" అని అడుగుతారు. లీటరున్నర నీళ్ళ సీసా ఎత్తగలిగితే మీరూ తిప్పగలరంటాను. ఈ ఒక్క మాటతో మా క్లబ్బులో ఆరుగురిని చేర్చాను.

నేను కొరియర్ ఆఫీసులో పనిచేస్తాను. ఏ బండిలో ఎన్ని పెట్టెలు పడతాయో, ఏ బండి ముందు ఏ వీధికి వెళ్ళాలో లెక్క వెయ్యడం నా పని. నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం పని తక్కువగా ఉండి ఫోను చూస్తుంటే ఒక పాత బొమ్మ కనబడింది. ఇద్దరు మనుషులు, రెండు పొడుగాటి కత్తులు, కాళ్ళ దగ్గర అడుగుల గుర్తులు. ఆరువందల ఏళ్ళ క్రితం యూరప్‌లో కత్తిసాము నేర్పే గురువు ఎవరో రాయించుకున్న పుస్తకంలోది. అందరికీ అందులో యుద్ధం కనబడుతుందేమో. నాకు లెక్క కనబడింది. ఎదుటివాడి కత్తి ఏ కోణంలో దిగితే నా కత్తి ఏ కోణంలో లేవాలి, అడుగు ఎంత దూరం పడాలి, ఎంత ముందుగా పడాలి... ఆ వారంలోనే ఆ పుస్తకం ఇంగ్లీషు అనువాదం మొత్తం రెండుసార్లు చదివాను.

"దీనికి ఇద్దరు కావాలిరా" అన్నాను తమ్ముడితో.

"ఇంకో ఇద్దర్ని చూసుకో" అన్నాడు వాడు, మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి.

వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. మర్నాడు సాయంత్రానికి ఇద్దరం డాబా మీద ఉన్నాం. నా చేతిలో చీపురు కర్ర, వాడి చేతిలో బూజు కర్ర. కిందనుంచి అమ్మ కేకలు.

"ఊడవమంటే ఒక్కరూ కదలరు, చీపుళ్ళతో కొట్టుకోమంటే మాత్రం ఇద్దరూ తయారు!"

ఇంట్లో మేం ముగ్గురమే. అలా మొదలైంది.

ఏడాది తిరిగేసరికి మొన మొద్దు చేసిన ఉక్కు కత్తులు నాలుగు, మొహానికి సన్నటి ఇనుప జల్లెడ ఉన్న మాస్కులు, మందపాటి కోట్లు, గ్లవ్స్ కొన్నాం. ఒక పాత షాపుల సముదాయం కింద సెల్లార్ అద్దెకి తీసుకున్నాం. కిటికీలు లేవు. పద్దెనిమిది మెట్లు దిగాలి. గట్టిగా వాన పడితే మూలనున్న గుంటలోంచి నీళ్ళు పైకి ఉబుకుతాయి, మోటారు వేసి తోడెయ్యాలి. అయినా పైకప్పు ఎత్తుగా ఉంది. పొడుగాటి కత్తి ఎత్తినా తగలదు. అంతకంటే ఏం కావాలి?

మా ఆటలో ఒక పద్ధతి ఉంది. పెద్ద పోటీల్లో అయితే చుట్టూ జడ్జీలు నిలబడి ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో చెబుతారు. మాకు జడ్జీలు ఎక్కడినుంచి వస్తారు? అందుకని దెబ్బ తిన్నవాళ్ళే ఒప్పుకోవాలి. ఎడమ చెయ్యి తల పక్కకి ఎత్తి, "తగిలింది" అనాలి. కొట్టినవాళ్ళు నోరు మెదపకూడదు. మాస్కు వెనక మొహం కనబడదు, కోటు వెనక ఒళ్ళు కనబడదు. లోపల ఎవరికి ఏం తగిలిందో వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ పద్ధతి పెట్టింది నేనే. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేదాన్ని, ఇక్కడ అబద్ధమాడితే ఆట మిగలదని.

ఆ మాట చెప్పిన నోటితోనే అబద్ధమాడాను.

ఇంకో ఊళ్ళో పెద్ద పోటీ ఉంది. క్లబ్బుకి ఒక్కరికే చోటు. చివరికి నేనూ తమ్ముడూ మిగిలాం. శుక్రవారం సాయంత్రం, ముందు ఐదు పాయింట్లు ఎవరికొస్తే వాళ్ళు వెళ్ళాలి. నాలుగు, నాలుగు దగ్గర ఆగాం. నాలుగేళ్ళుగా నేను కలలు కంటున్న పోటీ. పుస్తకం తెరిచింది నేను, సెల్లార్ వెతికింది నేను, అద్దె కోసం పదిమంది చుట్టూ తిరిగింది నేను. వాడు సరదాగా వచ్చి, సరదాగా నాతో సమానమయ్యాడు.

వాడి కత్తి మొన నా కుడి మోచేతి కింద, కోటు మడత పడే చోట దిగింది. చెయ్యి భుజం దాకా జివ్వుమంది. అంత శుభ్రమైన దెబ్బ నేను ఎప్పుడూ తినలేదు.

నేను చెయ్యెత్తలేదు.

వాడు ఆగాడు. మాస్కులోంచి చిన్నగా అడిగాడు. "తగల్లేదా అక్కా?"

"లేదు."

"సరే, కానియ్" అన్నాడు.

వెంటనే పైనుంచి ఏటవాలుగా ఒక దెబ్బ వేశాను. కంగారులో వేసిన దెబ్బ. ఎంత తేలిగ్గా పడిందంటే నా చేతికి తెలియనే లేదు. కానీ వాడి ఎడమ చెయ్యి వెంటనే పైకి లేచింది.

"తగిలింది!"

ఐదు, నాలుగు. వాడు మాస్కు తీసి, చెమట తుడుచుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు. "వెళ్ళు తల్లీ వెళ్ళు. కప్పు తేకపోతే మాత్రం ఇంటికి రాకు. తలుపు తియ్యను."

మూడు రోజులు పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నాను, మోచేతి కింద నల్లబడ్డది కనబడకుండా.

ఆదివారం పొద్దున నేను ఆ ఊళ్ళో మొదటి ఆటలోనే ఐదు, ఒకటితో ఓడిపోయాను. ఇక్కడ తెల్లవారుజాము నుంచి వాన. సెల్లార్‌లో నీళ్ళు ఊరుతున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "వెళ్ళి చూసిరా నాన్నా, అక్క కత్తులు తుప్పు పడతాయి" అంది అమ్మ. తమ్ముడు వెళ్ళాడు. చీలమండల లోతు నీళ్ళలో నిలబడి మోటారు స్విచ్చి వేశాడు.

నేను ఫోను సంచీలో పడేసి, ఓడిపోయినందుకు ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాను. తీసి చూసేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

ఆ తర్వాత అమ్మ ఒకటే మాట పట్టుకుంది. పరామర్శకి వచ్చినవాళ్ళతో అదే, నాతో అదే, పొయ్యి ముందు నిలబడి తనలో తను కూడా అదే. "పంపింది నేనే. చేతులారా పంపుకున్నాను."

అమ్మా, వాడు ఆ రోజు ఊళ్ళోనే ఉండకూడదు, బస్సులో ఉండాలి, నా సీట్లో ఉండాలి. ఈ మాట ఒక్కటి చెబితే అమ్మకి ఊపిరాడుతుంది. నాకు తెలుసు. కానీ చెప్పాక అమ్మ నా మొహం ఎలా చూస్తుందో తెలియదు. ఆ భయంతో రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. అలా తొంభై ఏడు రోజులు గడిచాయి.

తొంభై ఎనిమిదో రోజు క్లాసు మళ్ళీ మొదలుపెట్టాం.

నాకు ఇష్టం లేదు. గోడ వినలేదు. గోడ అంటే మా క్లబ్బులో అందరికంటే భారీ మనిషి, లారీ టైర్ల కొట్టు నడుపుతాడు. ఎంత కొట్టినా వెనక్కి ఒక్క అడుగు వెయ్యడని తమ్ముడే ఆ పేరు పెట్టాడు. "మూసేస్తే వాడు ఊరుకునేవాడా? రండి మేడమ్, మీరు టైము చూడండి చాలు" అన్నాడు. యజమాని మోటారు తీసేయించాడు, వైర్లన్నీ మార్పించాడు. ఇప్పుడు అక్కడ ప్రమాదం ఏమీ లేదు.

సాయంత్రం ఆరున్నర. సన్నగా వాన మొదలైంది. పద్దెనిమిది మెట్లు దిగాను. ఆరు ట్యూబులైట్లలో రెండే వెలుగుతున్నాయి. కొత్త సున్నం వాసన. దాని కింద పాత చెమ్మ వాసన. మూల గుంట మీద చెక్క పలక వేశారు. ఆ చెక్క కింద ఎక్కడో నీళ్ళు ఒక్కో బొట్టుగా పడుతున్న చప్పుడు.

మొత్తం తొమ్మిదిమంది వచ్చాం. బూట్లు మార్చుకుంటూ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పళ్ళ డాక్టరమ్మ మాత్రం నా పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యేసింది.

"తిండి తింటున్నావా?"

"తింటున్నా."

"నాతో అబద్ధాలు చెప్పకు. దవడలు చూస్తే తెలిసిపోతుంది నాకు" అంది. నాకు నవ్వొచ్చింది. తొంభై ఎనిమిది రోజుల్లో మొదటిసారి.

తొమ్మిదిమందితో ఎలా ఆడతామో చెప్పాలి. రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడతాం. లోపలి వైపు వరసలో ఐదుగురు, మెట్ల వైపు వరసలో నలుగురు. మా వైపు ఐదుగురం కదలం. రెండు నిమిషాలకి ఒకసారి ఫోను గంట కొట్టగానే ఎదుటి వరస ఒక స్థానం జరుగుతుంది. వాళ్ళలో ఒక చోటు ఖాళీ కాబట్టి, ఆ ఖాళీ ఎవరి ముందుకొస్తే వాళ్ళు ఆ రెండు నిమిషాలు బల్ల మీద కూర్చుంటారు. మొదటి రౌండులో పళ్ళ డాక్టరమ్మకి విశ్రాంతి. రెండులో కాలేజీ కుర్రాడికి. మూడులో వాళ్ళ లెక్చరర్‌కి. నాలుగులో గోడకి. చివర్న నిలబడ్డదాన్ని నేను. ఐదో రౌండులో నాకు.

మాస్కులు వేసుకున్నాం. మాస్కు వేసుకుంటే లోకం చిన్నదైపోతుంది. జల్లెడలోంచి అంతా మసకగా, సన్నటి గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. మన ఊపిరే మన చెవిలో గాలివానలా వినబడుతుంది. ఎదుటివాళ్ళు నల్లటి గుండ్రటి తలలు. ఎవరికీ మొహం ఉండదు.

గంట కొట్టింది. కత్తులు తగులుకున్నాయి. "తగిలింది." "తగిలింది." సెల్లార్‌కి మళ్ళీ ప్రాణం వచ్చినట్టు అనిపించింది. నా చేతులు వాటంతటవే గుర్తు తెచ్చుకున్నాయి. రెండో గంట. ఎదుటి వరస జరిగింది. మూడో గంట.

మూడో రౌండు మధ్యలో నా ఎదుటాయన గ్లవ్ సరిచేసుకోడానికి ఆగాడు. నేను ఊరికే బల్ల వైపు చూశాను.

బల్ల ఖాళీగా ఉంది.

లెక్చరర్ కూర్చోవాలి. కూర్చోలేదు. ఆడుతున్నాడు. తన ముందు ఎవరో ఉన్నారు.

ఎవరో ఆలస్యంగా వచ్చి వరసలో చేరారనుకున్నాను. తలలు లెక్కపెట్టాను. మా వైపు ఐదు. అటువైపు ఐదు. పది. మెట్ల దగ్గర విప్పిన చెప్పుల జతలు లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్ళీ తలలు. పది. నేను రోజుకి వెయ్యి పెట్టెలు లెక్కపెట్టే మనిషిని. పది దగ్గర తప్పు పోను.

అంతలో నాలుగో గంట. అటు వరస జరిగింది. ఐదో మనిషి లెక్చరర్ ముందునుంచి గోడ ముందుకొచ్చాడు. నాకు ఆరడుగుల దూరం.

పలచటి మనిషి. మిగతావాళ్ళలాగే నల్ల మాస్కు, నల్ల కోటు. ప్యాంటు మోకాళ్ళ కింద నుంచి తడిసి అంటుకుపోయి ఉంది. గోడ కత్తి తిప్పాడు. అవతలి మనిషి ఎడమ చెయ్యి పైకి లేచింది. గోడ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ లేచింది. నోట్లోంచి మాత్రం మాట లేదు.

నిలబడ్డప్పుడు ఆ మనిషి కుడి పాదం మొన లోపలికి తిరిగి ఉంది.

ఆ తప్పు దిద్దడానికి నాలుగేళ్ళు తంటాలు పడ్డాను. డాబా మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత మీద పాదం పెట్టించి, చీపురు కర్రతో వేలి మీద కొట్టేదాన్ని. "అక్కా, ఈ వేలు పుట్టుకతోనే అటు చూస్తోంది, దాన్ని వదిలెయ్" అనేవాడు.

ఫోను నా నడుముకి కట్టిన సంచీలోనే ఉంది. ఒక్కసారి నొక్కితే గంట మోగుతుంది, అందరూ మాస్కులు తీసేస్తారు, ఆట ఆగిపోతుంది. చెయ్యి సంచీ దాకా వెళ్ళింది.

నొక్కలేదు.

ఖాళీ ఎటు జరుగుతుందో నాకు తెలుసు. ఇంకో నిమిషం పది సెకన్లు. ఆ తర్వాత నా ముందుకే వస్తుంది. భయపడుతూనే... ఆ డెబ్బై సెకన్లు త్వరగా అయిపోవాలని కోరుకున్నాను.

గంట కొట్టింది.

వాడు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

ముందు వాసన వచ్చింది. కాలిన వైరు వాసన. తడి సాక్సు వాసన. మాస్కు జల్లెడ వెనక చీకటి. మొహం ఉండాల్సిన చోట మొహం ఉందో లేదో తెలియని చీకటి. ఊపిరి చప్పుడు లేదు. నాది తప్ప.

పక్కన నాలుగు జంటలు ఆడుతూనే ఉన్నాయి. కానీ వాళ్ళ కత్తుల చప్పుడు మూసిన తలుపు అవతలినుంచి వస్తున్నట్టు దూరమైపోయింది.

"ఒరేయ్..." అన్నాను.

వాడు కత్తి పైకెత్తి సిద్ధంగా నిలబడ్డాడు. ఆడమన్నట్టు.

నేను వేశాను. కత్తి ఎటో పోయింది. వాడి భుజానికి జానెడు దూరంలో గాలిని కోసింది.

వాడి ఎడమ చెయ్యి లేచింది.

నాకు అర్థం కాలేదు. తగల్లేదు. ఎవరు చూసినా చెబుతారు, తగల్లేదని. ఇంకోటి వేశాను. అదీ పోయింది. చెయ్యి లేచింది. మూడోది కావాలనే దూరంగా వేశాను, మూరెడు అవతల.

చెయ్యి లేచింది.

నాలుగు. ఐదు. ఆరు. వద్దనుకున్నా లెక్క ఆగలేదు నాలో. నేను కత్తి కదిపితే చాలు, చెయ్యి లేస్తోంది. వాడి కత్తి మాత్రం ఒక్కసారీ నా మీదకి రాలేదు. పది. పదకొండు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉండాలి. గంట మోగడం లేదు. పదిహేను. ఆ చెయ్యి మెల్లగా లేస్తోంది ఇప్పుడు. అలసిపోయిన మనిషి చెయ్యిలా. పద్దెనిమిది. మోచెయ్యి వణుకుతోంది. భుజం దాటి పైకి రావడానికి కష్టపడుతోంది. గ్లవ్ అంచునుంచి నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి... టప్... టప్...

నేను కత్తి దించేశాను. కదపకుండా బిగపట్టుకున్నాను. అయినా చెయ్యి లేచింది. ఇరవై. ఇరవై ఒకటి.

"వద్దురా. ఎత్తకు. ఆపెయ్."

ఇరవై రెండు.

"నాకే తగిలింది" అన్నాను. ఏడుపులో మాట ముక్కలైంది. "ఆ రోజు... నాకు తగిలిందిరా. మోచేతి కింద. గట్టిగా. అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్ళాల్సింది. నువ్వు బస్సెక్కాల్సింది. నాకు తగిలింది... తగిలింది..."

నా ఎడమ చెయ్యి ఎత్తాను. ఆ శుక్రవారం నుంచి వంద రోజులు ఆలస్యంగా.

వాడు అలా చూస్తూ నిలబడ్డాడు. చూస్తున్నాడనే అనుకున్నాను. తల ఒక పక్కకి కొంచెం వంగింది. తర్వాత కుడి చేత్తో తన ఎడమ మోచేతిని పట్టుకుని, ఆసరా ఇచ్చి, ఆ చేతిని ఇంకోసారి పైకి లేపాడు.

ఇరవై మూడు.

గంట మోగింది.

నా ముందు ఎవరూ లేరు. నేల మీద అరచెయ్యంత తడి.

అందరూ మాస్కులు తీశారు. నాతో కలిపి తొమ్మిది మొహాలు. ఎర్రబడి, చెమటలు కారుతూ, బతికున్న మొహాలు. గోడ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఆ కొత్తాయన ఎవరు మేడమ్? మంచి మర్యాదస్తుడు. తగలకపోయినా ప్రతిదానికీ చెయ్యెత్తేస్తున్నాడు."

"నాతోనూ అంతే" అంది పళ్ళ డాక్టరమ్మ. "పాపం, భయపడుతున్నాడేమోనని మెల్లగా ఆడాను. ఏడీ, వెళ్ళిపోయాడా? పేరైనా చెప్పలేదు."

కాలేజీ కుర్రాడు, లెక్చరర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఆ పద్దెనిమిది మెట్లు ఎవరూ మళ్ళీ దిగరు.

ఇంటికి బండి మీద పదకొండు నిమిషాలు. వానలో ఇరవై పట్టింది. దారి పొడుగునా ఒకటే ప్రశ్న. నేను ఒప్పుకున్నాను కదా. చెయ్యి ఎత్తాను కదా. అయినా వాడు ఎందుకు ఎత్తాడు? నాకు ఏం చెబుతున్నాడు? ఇంటి మలుపు తిరిగేసరికి ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. ఇంకో రేపు లేదు. వాడికి చెప్పాను, అమ్మకీ ఇవాళే చెప్పెయ్యాలి. ఆ తర్వాత నన్ను ఎలా చూసినా సరే.

వంటింట్లో లైటు వెలుగుతోంది. అమ్మ పొయ్యి ముందు నిలబడి చిన్న గిన్నెలో నూనె వెచ్చబెడుతోంది. వానాకాలం కదా, మోకాళ్ళకేమో అనుకున్నాను. తడి బట్టలు కూడా మార్చుకోకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

"అమ్మా, ఆ ఆదివారం పోటీకి వెళ్ళాల్సింది తమ్ముడు."

అమ్మ తిరగలేదు.

"నాలుగు, నాలుగు ఉన్నప్పుడు వాడి దెబ్బ నాకు తగిలింది. తగల్లేదని చెప్పాను. చెయ్యెత్తి ఉంటే వాడు బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. నువ్వు పంపడానికి ఇంట్లోనే ఉండేవాడు కాదు. పంపింది నువ్వు కాదమ్మా. నేను."

అమ్మ పొయ్యి మంట తగ్గించింది.

"వాడు అలా చెప్పలేదే" అంది.

"...ఏం చెప్పాడు?"

"ఆ శుక్రవారం రాత్రి అన్నం తింటూ చెప్పాడు. 'అక్కకి ఒకటి వేశానమ్మా, పాపం తెలిసినట్టు లేదు, కోటు మందం కదా' అన్నాడు. నువ్వు అబద్ధమాడావని వాడు అనుకోలేదు. నీ గురించి అలా అనుకోడం వాడికి చేతకాదు. ఆ తర్వాత నువ్వు వేసింది వాడికసలు తగలనే లేదట. జానెడు దూరంలోంచి పోయిందట. అయినా చెయ్యెత్తేశాడట. 'అక్క నాలుగేళ్ళనుంచి చూస్తోందమ్మా ఈ పోటీ కోసం, నాకేం, వచ్చే ఏడు వెళ్తా' అన్నాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

నేను గుమ్మానికి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాను. చేతికి తెలియని దెబ్బ. అంత తేలిగ్గా పడిందనుకున్న దెబ్బ. నాలుగేళ్ళు కత్తి పట్టిన చెయ్యి నాది. తగిలిందో లేదో ఆ క్షణమే తెలిసి ఉండాలి. తెలుసుకోడానికి నేను ఇష్టపడలేదు, అంతే.

అమ్మ వచ్చి నా తల తన పొట్టకి ఆనించుకుంది. చాలాసేపు ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నా తడి జుట్టు చీర కొంగుతో తుడుస్తూ, "ఇంక ఊరుకో. నువ్వూ తప్పు మీద వేసుకున్నావు, నేనూ మీద వేసుకున్నాను. వాడు మాత్రం నవ్వుతూనే పోయాడు" అంది. అన్ని రోజుల్లో మొదటిసారి అమ్మ గొంతులో ఆ పాత మాట లేదు.

తర్వాత లేచి, పొయ్యి ఆపి, నూనె గిన్నెని గుడ్డతో పట్టుకుంది.

"మోకాళ్ళకి నేను రాస్తానుండు" అన్నాను.

"నాకు కాదు. ఎడమ భుజం లాగేస్తోందట. ఎత్తీ ఎత్తీ పట్టేసిందన్నాడు."

సెల్లార్‌లో జరిగింది నేను అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఎవరమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. అదేం ప్రశ్న అన్నట్టు, అలిసిపోయిన చూపు. గిన్నె పట్టుకుని తమ్ముడి గదిలోకి వెళ్ళి, కాలితో తలుపు నెట్టి మూసింది.

వాన చప్పుడు. గోడ గడియారం చప్పుడు. మూసిన తలుపు వెనకనుంచి అమ్మ గొంతు, చిన్నగా, బుజ్జగిస్తున్నట్టు.

"ఇంకొంచెం పైకెత్తు నాన్నా... ఆఁ... చాలు. చాలు, ఇంక దించు."

పది నిమిషాలకి బయటికొచ్చి, గిన్నె తెచ్చి సింకులో పెట్టింది. "బట్టలు మార్చుకో, జలుబు చేస్తుంది" అని నా చెంప నిమిరింది.

గిన్నె అడుగున చుక్క నూనె లేదు.

నూనంతా ఎక్కడో ఇంకిపోయినట్టు, నా చెంప మీద అమ్మ వేళ్ళు పొడిగా ఉన్నాయి.